దశమభాగం జీతం మొత్తం మీదా, చేతికొచ్చే దాని మీదా? అమ్మ వైద్యం, రెండు సంఘాలు... సలహా కావాలి

కొల్లేటి_గట్టు (మియాపూర్, సొంతూరు కైకలూరు దగ్గర)
అందరికీ వందనాలు. మా ఊళ్ళో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడి. బాప్తిస్మం, పెళ్ళి అన్నీ అక్కడే. ఉద్యోగం వచ్చాక హైదరాబాద్‌లో ఇంటి దగ్గరున్న ఒక స్వతంత్ర సంఘానికి వెళ్తున్నాం. వాక్యం బాగుంటుంది, పిల్లలకి సండే స్కూల్ ఉంది, ఇష్టంగానే వెళ్తున్నాం.

సమస్య ఏమిటంటే, ఇక్కడ దశమభాగం (దేవుడికిచ్చే పదో వంతు) జీతం మొత్తం మీద లెక్కేయాలంటారు. పీఎఫ్, ట్యాక్స్ కోయకముందు నా జీతం 85,000. చేతికొచ్చేది 71,000. హోమ్ లోన్ 24,000 పోతుంది. ఊళ్ళో అమ్మకి డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉన్నా ఇంజెక్షన్లకీ, మందులకీ, ఏలూరు వెళ్ళి రావడానికీ నెలకి 10,000 దాకా అవుతోంది. ఇద్దరు పిల్లల ఫీజులు సరేసరి. అలాంటప్పుడు 8,500 తీసి పక్కన పెట్టాలంటే ప్రతి నెలా టెన్షనే. మలాకీ 3వ అధ్యాయం చదివి "దేవుని దగ్గర దొంగతనం చేస్తున్నారు" అని ప్రసంగంలో అన్నప్పుడు తల దించుకుని కూర్చుంటున్నాను.

ఊళ్ళో గుడి రేకులు పాడైపోయాయి, అక్కడి వాళ్ళు కూడా ఫోన్ చేశారు. నా భార్య మాత్రం "ముందు అత్తయ్య మందులు, తర్వాతే ఏదైనా" అంటోంది. ఇవ్వకూడదని కాదు, ఇవ్వాలనే ఉంది. మీరంతా ఎలా చేస్తున్నారో చెప్పండి.

మేరీ_టీచరమ్మ (గుంటూరు)
బాబూ, మీ ఆవిడ చెప్పింది వాక్యమే. మార్కు 7వ అధ్యాయం తీసి చూడండి. తల్లిదండ్రులకి చెందాల్సింది "కొర్బాను, దేవునికి అర్పితం" అని చెప్పి వాళ్ళని గాలికి వదిలేసేవాళ్ళని యేసుప్రభువు ఎంత గట్టిగా మందలించాడో అక్కడ ఉంది. అమ్మ మందుల డబ్బు కానుక సంచిలో వేస్తే ఆయన సంతోషిస్తాడని నేననుకోను.

మేం లూథరన్లం. మా నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. జీతం వచ్చిన రోజు సాయంత్రం అమ్మ ఒక కవరు తీసేది. మా ఇంట్లో పదో వంతు అని ఎప్పుడూ లెక్క చూడలేదు. ఒక్కో నెల తక్కువ ఉండేది, కోతలప్పుడు ఎక్కువ ఉండేది. కానీ కవరు లేని నెల లేదు. మీరు కూడా మొదట ఒక చిన్న మొత్తం అనుకుని మానకుండా ఇవ్వండి. అమ్మగారి ఆరోగ్యం కుదుటపడ్డాక పెంచుకోవచ్చు.

గ్రామ_కాపరి (ప్రకాశం జిల్లా)
బ్రదర్, నేను పాస్టర్ని. టీచరమ్మ గారు చెప్పిన దాంట్లో తల్లి సంగతి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ దశమభాగం అక్కర్లేదన్నట్టుగా చర్చ సాగితే నా మాట కూడా వినాలి.

మా సంఘానికి డయోసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల వ్యవస్థ) లేదు, మిషన్ లేదు, నెల జీతం అనేదే లేదు. ముప్పై నలభై కుటుంబాలు, ఎక్కువ మంది పొగాకు బేరన్ల దగ్గర, మిరప కోతలకి కూలికి వెళ్ళేవాళ్ళు. పనులుంటే కానుక ఉంటుంది. వానలు లేకపోతే మా ఇంట్లో పొయ్యి మీద కూడా ఆ తేడా తెలుస్తుంది. అయినా ఈ జనం ఇచ్చే తీరు చూస్తే నాకు కన్నీళ్ళొస్తాయి. ఒకామె వారం వారం నాలుగు గుడ్లు గుడ్డలో కట్టుకుని తెచ్చి బల్ల కింద పెట్టి వెళ్ళిపోతుంది. ఆ గుడ్లు అమ్ముకుంటే ఆమెకి రెండు పూటల కూర వస్తుంది. ఇంకొకాయన మొదటి కోత మిరపకాయలు ఒక బస్తా ముందే పక్కన పెడతాడు. రేటు పడిపోయిన ఏడాది కూడా పెట్టాడు.

పదో వంతు ధర్మశాస్త్రం కంటే ముందే ఉంది. అబ్రాహాము మెల్కీసెదెకుకి ఇచ్చాడు, యాకోబు బేతేలులో మొక్కుకున్నాడు. అందుకే నేను దాన్ని బోధిస్తాను. అది చట్టం అని చెప్పను, మొదలుపెట్టడానికి మంచి గుర్తు అని చెప్తాను. ఎంత అన్నది పూర్తిగా మన ఇష్టానికే వదిలేస్తే, అన్ని ఖర్చులూ అయ్యాక మిగిలిన చిల్లర దేవుడికి వస్తుంది. ఇది నేను కళ్ళారా చూస్తున్న సంగతి.

ఖాతా_పుస్తకం (మచిలీపట్నం)
పాస్టరు గారికి వందనాలు. నేను మా పాస్టరేట్‌కి ట్రెజరర్‌ని, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కొల్లేటి గట్టు గారి ప్రశ్నకి నా జవాబు వేరే వైపు నుంచి వస్తుంది. ఎంత ఇవ్వాలి అన్న దానితోపాటు ఎక్కడికి వెళ్తోంది అని కూడా అడగండి.

ఆరాధన అయ్యాక వెస్ట్రీలో (గుడిని ఆనుకున్న గదిలో) మేం లెక్కపెట్టే పద్ధతి చెప్తాను. ఎప్పుడూ ముగ్గురం ఉంటాం, ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఉండకూడదు. సంచి బల్ల మీద బోర్లిస్తాం. కవర్లు ఒక పక్క, విడి నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క. విడి నోట్లలో ఎనిమిది మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు చాలా ఉంటాయి. చీర కొంగున ముడేసి తెచ్చినవి. వాటిని విప్పి, అరచేత్తో సాపు చేసి పేర్చాలి. ఆ పని కుర్రాళ్ళకి అప్పజెప్తాను, కావాలనే. ఈ డబ్బు ఎవరిదో, ఎలాంటి చేతుల్లోంచి వచ్చిందో వాళ్ళకి తెలియాలి. లెక్క అయ్యాక ముగ్గురం సంతకాలు పెడతాం, సోమవారం బ్యాంకులో వేస్తాం. నెలాఖరుకి జమా ఖర్చులు గుడి వరండాలో బోర్డు మీద అంటిస్తాం. డయోసిస్‌కి కట్టే అసెస్‌మెంట్, కరెంటు బిల్లు, గుడి ఊడ్చే మనిషి జీతం, సహాయ నిధి... అన్నీ.

పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు డబ్బు ఒక్కడే మోసుకెళ్ళలేదు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని తోడుగా మనుషుల్ని పెట్టుకున్నాడు, 2 కొరింథీ 8లో ఉంది. అపొస్తలుడికే ఆ జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి? ఈ రోజుల్లో గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేసినప్పుడు సంఘం పేరు వస్తోందా, వ్యక్తి పేరు వస్తోందా చూడండి. వ్యక్తి పేరు వస్తే మర్యాదగానే అడగండి. అడగడం అవిశ్వాసం కాదు.

విరిగిన_రెక్క (వరంగల్)
ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్న వ్యవసాయ కూలీ. మేం వెళ్ళే సంఘంలో ఏడాది చివర ఎవరెంత ఇచ్చారో మైకులో పేర్లతో చదివేవారు. పెద్ద మొత్తాలకి చప్పట్లు. చివర్లో నాన్న పేరు, పక్కన 300. ఎవరూ ఏమీ అనలేదు. కానీ మరుసటి ఏడాది ఆ చదివే రోజుకి నాన్న గుడికి రాలేదు, జ్వరమని పడుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది వడ్డీకి తెచ్చి 2,000 ఇచ్చాడు. ఆ అప్పు తీర్చడానికి అమ్మ ముక్కుపుడక పోయింది. ఇస్తే నూరంతలు తిరిగొస్తుందని చెప్పినవాళ్ళెవరూ తర్వాత మా గడప తొక్కి ఎలా ఉన్నారని అడగలేదు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉన్న మాట ఆ మైకు పట్టుకున్నవాళ్ళూ చదివే ఉంటారు కదా. నాకిప్పటికీ విశ్వాసం ఉంది, ప్రార్థన చేసుకుంటాను. కానుక సంచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బిగుసుకుపోతుంది.

గ్రామ_కాపరి
అమ్మా, చదివాను. నేను మీ సంఘం వాణ్ణి కాకపోయినా ఒక కాపరిగా చెప్తున్నాను, మీ నాన్నగారికి జరిగింది ఘోరం. బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు ప్రభువు శిష్యుల్ని పిలిచి, వీళ్ళందరికంటే ఈమే ఎక్కువ వేసిందన్నాడు. ఆ లెక్క ప్రకారం మీ నాన్నగారి 300 ఆ జాబితాలో మొదట ఉండాల్సింది.

నూరంతల వాగ్దానం పెట్టి కూలివాడి దగ్గర డబ్బు లాగడం సువార్త కాదు, అది పెట్టుబడి వ్యాపారం. ఇది మా పాస్టర్ల కూడికల్లో కూడా అంటాను, కొందరికి కోపం వస్తుంది. మీ చెయ్యి బిగుసుకుపోతే బలవంతం పెట్టకండి. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఇవ్వమనే కదా వాక్యం. పక్కింట్లో ఆకలిగా ఉన్నవాళ్ళకి ఒక గిన్నె అన్నం పెట్టినా అది ఆయనకి చేరుతుంది.

పాత_రిజిస్టర్లు (డోర్నకల్ ప్రాంతం)
మన పెద్దలు ఈ విషయం ఎంత లోతుగా ఆలోచించారో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన తిరునల్వేలి మనిషి. అక్కడి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తెలుగు నేల మీదికి ఆయన్ని పంపారు. అంటే మన మానుకోట, డోర్నకల్ పల్లెలకి సువార్త రావడం వెనక ఇంగ్లండ్ డబ్బే కాదు, తమిళనాడు పల్లెల చిల్లర కానుకలు కూడా ఉన్నాయి. ఇక్కడి సంఘాల్లో ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబాల కూలీలు. అంత బీదవాళ్ళని కానుక అడగడం ఏమిటని కొందరనేవారు. అజరయ్య గారి అభిప్రాయం వేరు. బీదవాడి దగ్గర తీసుకోకుండా ఎప్పుడూ ఇస్తూనే ఉంటే వాణ్ణి చిన్నచూపు చూసినట్టే, ఇచ్చే గౌరవం వాడికీ ఉండాలని ఆయన పట్టుబట్టారు. క్రైస్తవ దానం మీద పుస్తకమే రాశారు.

పిడికెడు బియ్యం గుర్తుందా మీకు? వంటకి బియ్యం కొలిచాక ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారానికి ఆ కుండ గుడికి చేరేది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో ఇదే పద్ధతి మొదలుపెట్టి ఈనాటికీ నడుపుతున్నారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో మిషనరీలని పంపుతున్నారు. మన వైపు ఇది తగ్గిపోయింది, అది నాకు బాధ. డబ్బు చేతిలో లేని ఆడవాళ్ళకి కూడా ఆ కుండ దగ్గర తమదంటూ ఒక వంతు ఉండేది.

కోత పండుగ మాత్రం మిగిలింది. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, వడ్లు, బెల్లం బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం. ఒక కొబ్బరికాయని పాడినవాడే మళ్ళీ గుడికి ఇచ్చేస్తే, ఇంకొకడు పాడతాడు. అదే కాయ నాలుగుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఎవరి ముఖంలోనూ బలవంతం కనపడదు.

ఇంకొకటి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1876–78 కరువులో జనానికి పని దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. డబ్బునీ విశ్వాసాన్నీ కలిపి కట్టకూడదన్న ఆ జాగ్రత్త, ఇవాళ "ఇంత ఇస్తే అంత దీవెన" అనేవాళ్ళకి తెలియాలి.

డాలస్_తెలుగు_చర్చి
మంచి చర్చ అన్నా. ఇక్కడ మా తెలుగు సంఘంలో ఏడాది మొదట్లో ప్రతి కుటుంబం ఎంత ఇవ్వగలదో కార్డు మీద రాసిస్తుంది. దాన్ని బట్టి బడ్జెట్ వేస్తారు. బడ్జెట్ అందరి ముందూ ఓటుకి పెడతారు. జనవరిలో మనం ఇచ్చిన మొత్తానికి స్టేట్‌మెంట్ ఇంటికొస్తుంది. ఎవరెంత ఇచ్చారో పాస్టర్ గారికి తెలియకుండా ఆర్థిక కమిటీయే చూసుకుంటుంది. అది నాకు బాగా నచ్చిన పద్ధతి.

ఇండియాకి పంపేవాళ్ళకి ఒక మాట. మీ దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఊరి గుడికి పంపినది విదేశీ విరాళం కింద లెక్కకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. అప్పుడు ఆ సంఘానికి విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఉన్న వాళ్ళ ఖాతాకే వెళ్ళాలి. ప్రేమతో పంపినా పద్ధతి తప్పితే అక్కడి పెద్దలు చిక్కుల్లో పడతారు.

కొల్లేటి_గట్టు
అందరికీ థ్యాంక్స్. విరిగిన రెక్క గారూ, మీ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ట్రెజరర్ గారూ, చర్చికిచ్చినదానికి 80జి మినహాయింపు (విరాళాలకి ఆదాయపు పన్నులో ఇచ్చే తగ్గింపు) వస్తుందా? ఆఫీసులో ఒకాయన వస్తుందంటాడు, ఒకాయన రాదంటాడు.

ఖాతా_పుస్తకం
మామూలుగా రాదండి. ఒక మతానికో కులానికో మాత్రమే పెట్టుకున్న సంస్థకి 80జి ఇవ్వరు. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన చారిత్రక ప్రార్థనా స్థలాల మరమ్మతులకి ఇస్తే అది వేరే సంగతి. అందరికీ సేవ చేసే ఆసుపత్రి, అనాథాశ్రమం లాంటి ట్రస్టులకి 80జి ఉంటే వాళ్ళ రసీదు పనికొస్తుంది, అది కూడా 2,000 దాటితే నగదు కాకూడదు. పైగా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు. కాబట్టి కానుక ఇచ్చేటప్పుడు పన్ను సంగతి పక్కన పెట్టేయండి. రసీదు మాత్రం తీసుకోండి.

సండే_స్కూల్_అక్క (రాజమండ్రి, డిగ్రీ ఫైనల్)
డబ్బు గురించి అందరూ రాశారు, నా దగ్గర అది లేదు కాబట్టి సమయం గురించి రాస్తున్నా.

మా సంఘంలో శనివారం సాయంత్రం చాపలు దులపడం, బాత్రూమ్‌లు కడగడం, కీబోర్డు వైర్లు సర్దడం ఎప్పుడూ ఒకే ఐదారుగురం చేస్తాం. పదివేలు కానుక ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ వీబీఎస్ (సెలవుల్లో పిల్లల బైబిల్ బడి) పది రోజులు పిల్లలతో కూర్చోమంటే ఒక్కరూ రారు. పది దాటిన పిల్లలకి బైబిల్ కథ చెప్పాలంటే ముందు రాత్రి రెండు గంటలు నేను చదువుకోవాలి. చార్టు గీయాలి. లోపలికి రాగానే ఒకడు ఏడుస్తాడు, ఒకడు నీళ్ళంటాడు. ఆ పని కూడా కానుకే కదా.

రెండో వైపు కూడా చెప్పాలి. యూత్ అంటే ఎప్పుడంటే అప్పుడు దొరికేవాళ్ళం అనుకుంటారు. కిందటి సెమిస్టర్ పరీక్షల వారంలో క్రిస్మస్ స్టార్లు కట్టడానికి, క్యారల్స్‌కి రాత్రి ఒంటి గంట దాకా ఉంచేశారు. రానన్నవాళ్ళని "ప్రభువు పనికి టైమ్ లేదా" అన్నారు. డబ్బు బలవంతంగా తీసుకోకూడదంటే, సమయం కూడా అంతే కదా అన్నా? మా ఫ్రెండ్ ఒకమ్మాయి ఆ మాటకే చర్చి మానేసింది.

మేరీ_టీచరమ్మ
అమ్మలూ, నువ్వు రాసింది ప్రతి కమిటీ మీటింగ్‌లో చదివి వినిపించాలి. పరీక్ష బాగా రాయడం కూడా దేవుడిచ్చిన బాధ్యతే. పిల్లల చదువు పాడుచేసి కట్టిన స్టార్ గుడికి వెలుగునివ్వదు. స్త్రీల సమాజంలో మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏడాది మొదట్లో ఎవరెవరికి ఏ నెల ఖాళీయో వాళ్ళే రాసిస్తారు. రాసిన దానికంటే ఎక్కువ అడగం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోవడం, చంటిపిల్లల తల్లికి రెండు రోజులు వంట పంపడం, పెన్షన్ కాగితాలు నింపి పెట్టడం కూడా అందులోకే వస్తాయి.

పేరు_వద్దు
నా ప్రశ్న వేరు. మా ఆయన విశ్వాసి కాదు. నన్ను గుడికి వెళ్ళొద్దనడు, కానీ డబ్బిస్తే ఊరుకోడు. ఇంటి ఖర్చుల్లో మిగిల్చి తెలియకుండా కానుక వేస్తున్నాను. వేసేటప్పుడు సంతోషం కంటే భయమే ఎక్కువ. ఇది తప్పా?

గ్రామ_కాపరి
తప్పొప్పుల సంగతి కంటే, చెల్లెమ్మా, ఆ భయం మీ ఇంట్లో గోడలా పెరగడమే నాకు దిగులు. మా సంఘంలో కూడా మీలాంటి చెల్లెళ్ళున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. రహస్యంగా తేవద్దు. ఆయనకి తెలిసిన రోజున కోపం మీ మీదే కాదు, ప్రభువు పేరు మీదికి కూడా వస్తుంది. మీ చేతి పని ఇవ్వండి. గుడి ఊడ్చినా, జబ్బుగా ఉన్నవాళ్ళని చూసి వచ్చినా చాలు. వీలు చూసి, ఆయన మంచిగా ఉన్నప్పుడు, నెలకి 50 రూపాయలు ఇవ్వనిస్తారా అని నేరుగా అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. మీ మనసు దేవుడికి తెలుసు.

పాత_రిజిస్టర్లు
పిడికెడు బియ్యం గురించి నేను రాసింది ఇందుకే. ఆయన ముందే, రోజూ, దాచకుండా తీయగలిగే కానుక అది.

పేరు_వద్దు
అది అడగగలను. బియ్యం అయితే ఆయన కాదనరేమో. థ్యాంక్స్ అండీ.

కొల్లేటి_గట్టు
నిన్న రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని కాగితం మీద వేసుకున్నాం. అమ్మ ఖర్చు మొదట తీసేశాం, అది కానుక లెక్కలోకి కూడా కలపలేదు, అది మా బాధ్యత. తర్వాత మా ఇద్దరికీ మనసుకి బరువనిపించని అంకె నెలకి 3,500 దగ్గర ఆగింది. 2,000 ఇక్కడి సంఘానికి, 1,000 ఊరి గుడికి, 500 విడిగా పక్కన, ఎవరికైనా అవసరం పడితే వెంటనే ఇవ్వడానికి. ద్వితీయోపదేశకాండం 14లో మూడేళ్ళకొకసారి పదో వంతు పరదేశులకీ, తండ్రిలేనివారికీ, విధవరాండ్రకీ అని ఉంది కదా, ఆ చివరి 500 ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఏటా జీతం పెరిగినప్పుడు మళ్ళీ కూర్చుని చూస్తాం.

సమయం విషయంలో, మా ఆవిడకి అకౌంట్స్ వచ్చు. ఇక్కడి సంఘంలో లెక్కలు బోర్డు మీద పెట్టే అలవాటు లేదు. ఆదివారం పెద్దల్ని కలిసి, ఆ పని తను చేస్తానని అడుగుదామనుకుంటోంది. ట్రెజరర్ గారూ, మీరు వరండాలో అంటించే కాగితం నమూనా పంపగలరా?

ఖాతా_పుస్తకం
తప్పకుండా. ఫోటో తీసి రేపు పెడతాను. ఒక సలహా, మొదటి నెలే పాత లెక్కలన్నీ అడగొద్దని చెప్పండి మీ ఆవిడకి. ఈ నెల కానుకలు, ఈ నెల ఖర్చులు, అంతవరకే మొదలుపెట్టమనండి. అది అలవాటయ్యాక పాతవి వాళ్ళే తెచ్చిస్తారు. రసీదు పుస్తకం నంబర్లు వేసింది కొనమనండి, ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. ఊరి గుడి రేకుల కోసం వేసే డబ్బు మాత్రం "మరమ్మతులకి" అని రాసి పంపండి, లేకపోతే కరెంటు బిల్లులో కలిసిపోతుంది.